పందొమ్మిదో విమానం

క్రేను గొలుసు బిగుసుకుంది. ఉప్పునీటి తొట్టిలోంచి ఎనిమిది ఐసు డబ్బాలు ఒకే వరసలో, నీళ్లు కార్చుకుంటూ పైకి లేచాయి. పెదబాబు ఎడమచేత్తో మీట నొక్కిపట్టి, కుడి అరచేతిని డబ్బాల అంచుకి ఆనించి ఊపు ఆపాడు. అలాగే నడిపించుకెళ్లి పక్కనున్న మంచినీళ్ల తొట్టిలో ముంచాడు. ఇక ముప్పై దాకా లెక్కపెట్టాలి. ముప్పైకి ఐసు దిమ్మ డబ్బాని వదులుతుంది. అప్పుడు వంచితే గాజుపలకలా సర్రుమని బల్ల మీదకి జారుతుంది. ఆ ముప్పై అంకెల్ని అతను ముప్పై ఏళ్లకి పైగా లెక్కపెడుతూనే ఉన్నాడు. ఆ సోమవారం పొద్దున మాత్రం డెబ్బై దాటించేశాడు.

వంచేసరికి దిమ్మలు మూలలు కరిగిపోయి, చీకిన పటికబెల్లం ముక్కల్లా దొర్లాయి. పెదబాబు వాటిని చూసి తనలో తనే విసుక్కున్నాడు. అతని మనసు ఐసు మీద లేదు, ఒక టంకం చుక్క మీద ఉంది.

పెదబాబుకి యాభై ఆరు. పొట్టి మనిషి, వెడల్పు ఛాతీ. ఉప్పునీళ్లలో నాని నాని వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి. ఎన్ని ఉతుకులు ఉతికినా చొక్కాని అమ్మోనియా వాసన వదలదు. కంప్రెసరు హోరుకి ఎడమ చెవి సగం పోయింది. అందుకని ఎవరు మాట్లాడినా కుడి చెవి అటు తిప్పి, ఏదో రహస్యం వింటున్నవాడిలా నిలబడతాడు. ఐ.పోలవరం చుట్టుపక్కల అతనికి రెండు పేర్లున్నాయి. ఒకటి ఐసు పెదబాబు. రెండోది విమానాల పెదబాబు. ఈ రెండో పేరు చెప్పేటప్పుడు జనం కొంచెం నవ్వుతారు.

ఆ పిచ్చి అతనికి ఇరవయ్యో ఏట అంటుకుంది. అప్పుడు విశాఖపట్నంలో ఎన్‌సీసీ వాళ్ల విమాన విభాగంలో హెల్పరుగా ఉండేవాడు. గదులు తుడవడం, టీలు అందించడం అతని పని. కేడెట్లకి చిన్న చిన్న నమూనా విమానాలు చెయ్యడం నేర్పే మాస్టారొకాయన, ఓ రోజు మనిషి చాలక, పెదబాబు చేతికి గరుకు కాగితమిచ్చి రెక్క అంచు నునుపు చెయ్యమన్నారు. "కంటితో కాదు, వేలితో చూడు" అన్నారు. చెక్క అంత తేలిగ్గా ఉంటుందని, ఒక వంపుని వేలు గుర్తుపడుతుందని పెదబాబుకి అంతవరకు తెలియదు. మూడేళ్ల తర్వాత, తండ్రికి చూపు తగ్గి చేపల వేటకి వెళ్లలేని స్థితి వస్తే, ఊరికి తిరిగొచ్చి ఐసు ఫ్యాక్టరీలో కుదిరిపోయాడు. ఆ గరుకుతనం మాత్రం వేళ్లలో ఉండిపోయింది.

పట్నంలో వాడే చెక్క ఇక్కడ దొరకదు. రొయ్యలు సర్దే థర్మోకోల్ పెట్టెల్లో విరిగినవి ఏరుకునేవాడు. వలలకి కట్టే బెండు, వెదురు బద్దలు, కొబ్బరి ఈనెలు, గోధుమరంగు టేపు. మొదట్లో విమానానికి తీగ కట్టి తన చుట్టూ గుండ్రంగా తిప్పేవాడు. పదేళ్ల కిందట హైదరాబాదు నుంచి ఒక పాత రిమోటు తెప్పించుకున్నాక ఆ తీగ అవసరం తీరింది. కూతురు పెళ్లయి రాజోలు వెళ్లిపోయాక, ఆ పిల్ల గదిని కూడా రెక్కలూ తోకలూ ఆక్రమించాయి. భార్య మంగాయమ్మ ఒకటి రెండుసార్లు గొడవపెట్టుకుని ఊరుకుంది. ఇరుగుపొరుగు ఎవరైనా నవ్వితే, "తాగే మొగుడికంటే ఎగరేసే మొగుడు నయం కదమ్మా" అని నోరు మూయించేది. నిజం విమానం ఎప్పుడెక్కుతావని ఎవరైనా అడిగితే పెదబాబు చిత్రంగా చూసేవాడు. లోపల కూర్చుంటే విమానం కనపడదు కదా అనేవాడు.

నిన్న ఆదివారం సాయంత్రం ఎగరేసింది పందొమ్మిదోది. ఐదడుగుల రెక్క. రెండు కిలోలకి కాస్త తక్కువ బరువు. ముక్కున జానెడు కంటే పొడుగు ప్లాస్టిక్ పంకా. పంట తీసి ఎండగట్టిన రొయ్యల చెరువు అతని మైదానం. విమానంలో రిమోటు మాట వినే చిన్న పెట్టె ఒకటుంటుంది, దాని తీగ దగ్గర టంకం బీటలిచ్చిందని శనివారమే చూశాడు. మళ్లీ పెట్టాలంటే విమానం పైకప్పు ఊడదీయాలి. ఈ ఒక్కసారికీ ఏం కాదులే అనుకున్నాడు.

నాలుగు నిమిషాలు బాగానే తిరిగింది. ఐదో నిమిషంలో కుడికి తిప్పితే తిరగలేదు. ఎడమకి తిప్పాడు. తిరగలేదు. మాట తెగిపోతే ఆ పాత పెట్టె ఆఖరి మాటనే పట్టుకుని ఉంటుంది. ఆఖరి మాట 'తిన్నగా పో' అన్నది. దక్షిణపు గాలి వీపు మీద చెయ్యేసి నెట్టినట్టు, విమానం మురుగుకాలవ దాటి, అవతలి లంకలోని కొబ్బరి తలల మీదుగా వెళ్లిపోయింది. పెదబాబు గట్టు వెంబడి పరుగెత్తాడు. ఉన్న ఒక్క మంచి చెవితో విన్నాడు. చప్పుడు సన్నబడి, చెట్ల గలగలలో కలిసిపోయింది. అవతలికి దాటే వంతెన దాకా గట్టు వెంబడే వెళ్లేసరికి చీకటి పడింది. వెనక్కి తిరిగాడు.

పొద్దుటి నుంచి అతన్ని కొరుకుతున్నది ఇదే. అప్పటికింకా అది పోయిన విమానం గురించిన దిగులే.

ఏడు గంటలకి లోడింగు చేసే సాయిబాబు వచ్చాడు. అతనిది కాలవ అవతలి ఆ లంకే. గంట ఆలస్యం.

"మన్నించండి పెదబాబు గారూ. మా లంకలో రాత్రంతా గోలండి. అయ్యప్ప చెట్టు మీంచి పడిపోయేడు."

"ఏ అయ్యప్ప?"

"కొబ్బరి దింపు తీస్తాడు చూడండి, సైకిలు మీద తిరుగుతా. ఆంజనేయప్రసాద్ గారి తోటలో నిన్న నాలుగు చెట్లు మిగిలిపోయేయంట, పూర్తి చేసేద్దామని ఎక్కేడు."

పెదబాబు చెయ్యి మీట మీదే ఉంది. "ఎన్నింటికి?"

"పొద్దు కుంకే ముందండి. ఐదున్నర, ఆరయ్యుంటుంది."

"జారేడా?"

"అదే తెలీదండి. గట్టు మీద గడ్డి కోసుకుంటున్న ఆడవాళ్లు విన్నారంట, బుయ్యిమని చప్పుడయ్యిందంట. ఏదో ఎగురుకుంటా వచ్చిందంటున్నారు. అంతలోకే కేకేసి పడిపోయేడంట. అమలాపురం తీసుకెళ్లేరు. తెలివిలో లేడని ఒకళ్లంటారు, ఉన్నాడని ఒకళ్లంటారు."

పెదబాబు మీట వదిలేశాడు. ప్రసాద్ గారి తోట ఎక్కడుందో అతనికి తెలుసు. నిన్న విమానం దాటిన తలలు ఆ తోటవే.

"ఏమైందండీ, అలా అయిపోయేరు?" అన్నాడు సాయిబాబు.

"ఏం లేదురా. గ్యాసు వాసన తగిలినట్టుంది" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ ఫ్యాక్టరీలో అతను ఆడిన మొదటి అబద్ధం అదే కావచ్చు.

పొద్దెక్కింది. కంప్రెసరు ఒత్తిడి చూపే గడియారాలు చూశాడు, నూనె పోశాడు, తొట్టిలో ఉప్పు కలిపాడు. చేపల లారీకి దిమ్మలు పిండి చేయించాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కళ్ల ముందు మాత్రం ఆ పంకా తిరుగుతూనే ఉంది. నిమిషానికి ఎన్నివేల చుట్లో అతనికి తెలుసు. ఒకసారి బల్ల మీద పరీక్షిస్తుంటే బొటనవేలి గోరు రెండుగా చీరేసింది. అరవై అడుగుల ఎత్తున, కాళ్లకి తాడు బందం వేసుకుని, ఒక్క చెయ్యి ఖాళీగా ఉన్న మనిషి ముఖానికి అది ఎదురొస్తే? అయ్యప్పని అతను పెద్దగా ఎరగడు. బక్కపల్చటి మనిషి, నలుపు, మోకాళ్ల లోపలివైపు చెట్టు రాసి రాసి కాయలు కాసి ఉంటాయి. ఎదురుపడితే సైకిలు దిగకుండానే "ఆయ్, బాగున్నారాండీ" అని వెళ్లిపోతాడు. అంతే పరిచయం.

ఎవరికీ తెలియదు. నిన్న చెరువు దగ్గర తను తప్ప ఎవరూ లేరు. విమానం ఏ పొదలోనో పడి ఉంటే రేపో మాపో దొరకొచ్చు, దొరక్కపోనూవచ్చు. ఈ మాట అనుకున్నందుకు పెదబాబుకి తన మీద తనకే రోత పుట్టింది.

మధ్యాహ్నం భోజనాల వేళ గోడవారకి వెళ్లి మంగాయమ్మకి ఫోను చేసి చెప్పాడు.

"మీరు చూసేరా, తగలడం?" అంది ఆమె.

"లేదు."

"చూడనిది చూసినట్టు ఎందుకు మీదేసుకుంటారు? ఊరుకోండి. మెదలకండి."

"సరే."

ఫోను పెట్టేశాడు. క్యారేజీ విప్పాడు. చింతచిగురు, ఎండు రొయ్యలు. ఒక ముద్ద కలిపి, అలాగే వదిలేసి మూత పెట్టేశాడు. పది నిమిషాలకి మంగాయమ్మే మళ్లీ చేసింది. గొంతు వేరేగా ఉంది.

"తిన్నారా?"

"ఊఁ."

"తినలేదని తెలుసు. తినేసి, డ్యూటీ దిగేక అమలాపురం వెళ్లి రండి. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. వెళ్లకపోతే మీకు నిద్ర పట్టదు. మీకు పట్టకపోతే నాకూ పట్టదు."

రెండింటికి దిగి, బస్సెక్కాడు. మురమళ్ల దాటేదాకా నిలబడే ఉన్నాడు, తర్వాత సీటు దొరికినా కూర్చోలేదు. ఏం చెప్పాలో లోపల్లోపలే వల్లె వేసుకున్నాడు. "అమ్మా, ఆ చప్పుడు నాదే" అని మొదలుపెట్టాలా? ముందు ఎలా ఉన్నాడని అడగాలా? అడిగాక చెబితే దొంగవేషంలా ఉండదూ? తప్పు తనదని ఒప్పుకుంటే పోలీసులు వస్తారు. రానీ. రిమోటు పట్టుకెళ్తారు. పట్టుకెళ్లనీ. అక్కడిదాకా తేలిగ్గానే ఉంది. అయ్యప్ప లేవకపోతే ఏం చెయ్యాలన్న దగ్గర మాటలు ఆగిపోయాయి.

ఆసుపత్రి వరండాలో ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. అయ్యప్ప భార్య రామలక్ష్మిని పెదబాబు గుర్తుపట్టలేదు. ఆమే గుర్తుపట్టి లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి.

"మీరాండీ, ఐసు ఫ్యాక్టరీ పెదబాబు గారు కదూ? ఇంత దూరం వచ్చేరా?"

"అమ్మా, నేనొక మాట చెప్పాలి."

"లోపలికి రండి. మెలకువగానే ఉన్నారు."

పెదబాబు చెప్పులు గుమ్మం బయట విడిచి ఆమె వెనకాల నడిచాడు.

మంచం మీద ఉన్నది అయ్యప్పే అని నమ్మడం కష్టమైంది. ముఖం బూరెలా ఉబ్బిపోయింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడికాలు మోకాలి దాకా కట్టు. పెదబాబు మంచం పక్కన నిలబడి, కుడి చెవి అటు తిప్పడం కూడా మర్చిపోయి, చెప్పాల్సింది గబగబా చెప్పేశాడు.

"అయ్యప్పా, నిన్న సాయంత్రం చెరువు దగ్గర విమానం ఎగరేసేను. నా మాట వినకుండా మీ లంక మీదికొచ్చింది. తప్పు నాదే. తీగ ఊడుతుందని తెలిసే ఎగరేసేను. నీకు తగిలింది అదే అయితే, ఏం చెయ్యమంటే అది చేస్తాను."

రామలక్ష్మి ఆశ్చర్యంగా మొగుడి వైపు చూసింది. అయ్యప్ప పెదాలు కదిలాయి. మొదట అది బాధేమో అనుకున్నాడు పెదబాబు. నవ్వు అది. వాచిన పెదాలతో సరిగ్గా రావడం లేదు.

"అది మీదాండీ?" అన్నాడు అయ్యప్ప. "నిన్నట్నుంచీ వీళ్లకి చెప్తన్నానండి, ఒక్కళ్లూ నమ్మట్లేదు. తలకి దెబ్బ తగిలిందంటన్నారు."

"తగల్లేదా నీకు?"

"నాకెందుకు తగుల్తుందండీ. నాకు కిందగా పోయింది."

పెదబాబు మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"మూడో చెట్టు మీదున్నానండి. అన్నిట్లోకీ పొడుగు చెట్టది. బుయ్యిమని వస్తంటే చూసేను. రెండు చెట్లవతల, నా పాదాల కంటే కిందగా. వీపు కనపడిందండి. పైన పసుపు కదండీ?"

పసుపే. గడపకి వేయగా డబ్బాలో మిగిలిన రంగు. నేల మీద నుంచి చూసేవాళ్లకి పొట్టే కనపడుతుంది కనుక, ఆ పసుపు సంగతి ఇన్నాళ్లూ పెదబాబుకీ మంగాయమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్లలో తను చేసిన ఏ విమానాన్నీ, ఎగురుతుండగా, పైనుంచి పెదబాబు కూడా చూడలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు. అడగాల్సిన సమయం కాదని తెలిసే అడిగాడు.

అయ్యప్ప తెరిచి ఉన్న ఒక్క కన్నుతో పైకప్పు వైపు చూశాడు. "ఊగలేదండి. కొంగ దిగేటప్పుడు చూడండి, రెక్కలు చాపేసి కదపకుండా వస్తది, అలాగ. దాని నీడ కింద చెట్ల మీద పాక్కుంటా పోయింది. తోట దాటి, గోదారి మీదకెళ్లింది. నీళ్ల మీద కాసేపు పసుపు చుక్కలాగ మెరిసింది. నేను పని మానేసి అలాగే చూస్తా ఉండిపోయేను. అది కనపడకుండా పోయేకే దిగేను. నాలుగో చెట్టెక్కితే, గెల వెనకాల కందిరీగల తుట్టె. చూసుకోకుండా కత్తేసేను. అంతేనండి."

"అయితే గట్టు మీద ఆడవాళ్లు విన్నది?"

"విమానాన్నీ విన్నారు, నా కేకా విన్నారు. మధ్యలో ఇంకో చెట్టెక్కేనని వాళ్లకేం తెలుసండీ."

పెదబాబు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. అయ్యప్ప కంగారుపడి, "ఊరుకోండి, మీరెందుకండీ. మధ్యలో పక్క చెట్టు మట్టల్లో తట్టుకుని బురదలో పడ్డాను కాబట్టి బతికేను" అని ఓదార్చాడు.

రామలక్ష్మి వరండా దాకా సాగనంపింది. అక్కడ ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"మడమ ఎముక నుగ్గయిపోయిందంటండి. నడుస్తారంట గానీ, మళ్లీ చెట్టెక్కకూడదన్నారు డాక్టరుగారు. ప్రసాద్ గారు పొద్దున్నే వచ్చి, కొబ్బరి నారుమడి చూసుకోమని చెప్పి వెళ్లేరు." కొంగుతో కళ్లొత్తుకుంది. "కాలు పోయిందని ఏడుస్తున్నాననుకుంటున్నారండి అందరూ. పైకి చెప్పకూడదు గానీ, ఇరవై రెండేళ్లయ్యిందండి పెళ్లయ్యి. సాయంత్రం ఆయన గుమ్మంలోకి వచ్చేదాకా నాకు మంచినీళ్లు కూడా దిగవు. ఇంక రేపట్నుంచి ఎక్కరు కదా అనుకుంటే, ఏడుపొచ్చేస్తందండి."

"ఆయ్" అన్నాడు పెదబాబు మెల్లగా. ఆ ఒక్క మాటే సరిపోయినట్టు ఆమె తలూపింది. తర్వాత మొహమాటపడుతూ అడిగింది. "అటేగా వెళ్తారు, ఆయన సైకిలు తోటలోనే ఉండిపోయింది. సాయిబాబుకి అప్పజెప్పగలరాండీ?"

బస్సులో ఈసారి కూర్చున్నాడు. కిటికీలోంచి గాలి కొడుతుంటే మంగాయమ్మకి ఫోను చేశాడు.

"తగల్లేదే."

అవతల నుంచి ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది, అదీ కుడి చెవిలో కాబట్టి. "కందిరీగలంట" అని జరిగినదంతా చెప్పాడు. అంతా విని ఆమె, "సరేగాని, వచ్చేటప్పుడు నాలుగు కరివేపాకు రెబ్బలు తెండి. చారు పెడతాను" అంది.

పెదబాబు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. రెండు చెట్ల దూరం. రెండు చెట్లు ఇటు జరిగి ఉంటే ఈ ప్రయాణం వేరేగా ఉండేది. అందులో తన మంచితనమేమీ లేదు, గాలి మంచితనం అంతే. ఆ సంగతి గుర్తుంచుకోవాలనుకున్నాడు. ఈసారి టంకం పెట్టేటప్పుడు కళ్లజోడు పెట్టుకుని కూర్చోవాలి, శనివారం చూసింది శనివారమే బాగుచెయ్యాలి. 'ఈసారి' అనేసుకున్నానని ఆలస్యంగా గమనించి, ఎవరూ చూడకుండా నవ్వుకున్నాడు. విమానాన్ని వెతకాలని మాత్రం అనిపించలేదు. నీళ్ల మీద పసుపు చుక్కలా మెరిసిందన్నాడు కదా. ఇంకెందుకు వెతకడం.

వంతెన దాటి తోటలోకి వెళ్లేసరికి ఇంకా వెలుతురుంది. ప్రసాద్ గారి పాలేరు ఎదురొచ్చి, ఆ చెట్టు చూపించి, "దగ్గరికెళ్లకండి బాబూ, ఇంకా తిరుగుతన్నాయి" అని హెచ్చరించాడు. చెట్టు కింద బురదలో మనిషి పడినంత మేర నలిగిపోయింది. దింపిన కాయలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. పెదబాబు దూరం నుంచే చుట్టు తిరిగి వెళ్లి, పక్క చెట్టుకి ఆనించి ఉన్న సైకిలు తీసుకున్నాడు. సీటు మీద పడ్డ ఎండుపూత దులిపాడు. నడిపించుకెళ్లబోతూ, అలవాటుగా తల పైకెత్తాడు.

మట్టల మధ్య, సగం తెగిన గెల కాడలో, అయ్యప్ప కత్తి దిగబడి ఉంది. ఇక దాని కోసం అతను ఎక్కడు. గాలికి చెట్టు వంగినప్పుడల్లా దాని అంచు మీద సాయంత్రపు ఎండ ఒకసారి వెలిగి, ఒకసారి ఆరుతోంది.